పాముచెవుల మేస్త్రి

లారీల షెడ్డు మేస్త్రిని అందరూ పాముచెవులాయన అంటారు. లారీ ఇంకా వీధి మలుపు తిరుగుతుండగానే దాని జబ్బేమిటో షెడ్డులో కూర్చుని చెప్పేవాడు. పేరైతే నిలిచింది గానీ చెవులే నిలవలేదు. కొన్నాళ్ళుగా లోకమంతా దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టుంది ఆయనకు. చెవిటి మేస్త్రికి బండి ఎవరిస్తారు? అందుకే దొంగకు తేలు కుట్టినట్టు నోరు మెదపకుండా నెట్టుకొస్తున్నాడు. భార్యకు మాత్రం తెలుసు. ఆవిడ ఏమీ అడగలేదు, గొంతు పెంచిందంతే. ఆ ఇంట్లో రోజూ గొడవేనని ఇరుగుపొరుగు అనుకుంటున్నారు.

ఆ పొద్దున ఆయన బావ, అంటే అక్క మొగుడు, తన పాత లారీ తీసుకొచ్చాడు. బావకు రెండు లారీలున్నాయి. షెడ్డు నడిచేదే చాలావరకు వాటి మీద. ఈ పాతది రోడ్డెక్కితే బాగానే లాగుతోంది, నిలబెడితే మాత్రం చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోతోంది.

"బామ్మర్దీ, సాయంత్రం సరుకెత్తాలి," అని కేకేశాడు బావ. "నీ వల్ల కాకపోతే ఇప్పుడే చెప్పెయ్. రెండు బళ్ళూ పెద్ద గ్యారేజీకి తోలేస్తాను."

"కాకపోవడమేంటి? కూర్చో బావా."

మేస్త్రి తనకు అలవాటైన పరీక్ష మొదలుపెట్టాడు. ఇంజన్ ఆడుతుండగా ఒక్కో సిలిండరుకి వెళ్ళే డీజిల్ గొట్టాన్ని వదులు చేయడం, వినడం. మంచి సిలిండరుకి డీజిల్ ఆపితే ఇంజన్ గొంతు మారుతుంది, చచ్చినదానికి ఆపితే మారదు. ఆ రోజు ఆరు సిలిండర్లకీ ఒకే గొంతు వినిపించింది. మళ్ళీ మొదటి నుంచి చూశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చెయ్యి ఆనించి చూస్తే అంతా వణుకే, అందులో ఏది ఏదో తేలలేదు.

బావ పెదాలు కదిలాయి. ఏం అడిగాడో ఊహించుకుని, "ముందు చల్లారనీ," అన్నాడు మేస్త్రి.

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. చెవులు పోతే పోనీ, కళ్ళున్నాయిగా అనుకున్నాడు. ఇంజన్ బాగా చల్లారాక మళ్ళీ ఆడించి, చెంబుడు నీళ్ళు తెచ్చాడు. ఒక్కో సిలిండరు నుంచి పొగ గొట్టం మొదలయ్యే చోట నీళ్ళు చిలకరించాడు. ఒకటో దగ్గర, రెండో దగ్గర చుక్కలు పడగానే ఎగిరిపోయాయి. మూడో దగ్గర పడ్డ చుక్క అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా తీరిగ్గా కూర్చుంది. మిగతా మూడూ మళ్ళీ ఆవిరే. మూడోది మండడం లేదన్నమాట.

దానిలోకి డీజిల్ చిమ్మే నాజిల్ ఊడదీసి చూస్తే మొన మసిబట్టి కారుతోంది. కొత్త నాజిల్, దాని కింద గాలి తన్నకుండా కొత్త రాగి వాషరు వేసి బిగించాడు. ఇంజన్ ఆడించి, వణుకు పోయిందో లేదోనని బానెట్ రేకు మీద పానా పెట్టి చూశాడు. పానా కదల్లేదు.

"నీవి పాముచెవులే బామ్మర్దీ!" అంటూ బావ సీట్లోకెక్కాడు.

అక్కడితో వదిలేస్తే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ మేస్త్రి ఇన్నేళ్ళలో ఏ బండినీ వినకుండా పంపలేదు. నడిరోడ్డు మీద ఆగిపోతే? తాడో పేడో తేలిపోనీ అనుకున్నాడు.

"దిగు బావా. నాకు వినపడడం లేదు. చాలా రోజులైంది."

బావ వేళాకోళమనుకుని నవ్వాడు. మేస్త్రి షెడ్డు పక్కనే ఉన్న ఇంటివైపు తిరిగి కేకేశాడు. "ఏమేవ్! ఓసారి ఇలా వచ్చి, ఇదెలా ఉందో విని చెప్పు."

బావ నవ్వు ఆగిపోయింది. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి వంటింటి గోడవతల ఇంజన్లు వింటున్న మనిషి. కాసేపు తల వంచి వింది.

"మీరు బాగుచేసిన బండి ఇలా ఉండదండీ," అని ఆయన చెవి దగ్గర అరిచింది. "పళ్ళ సందుల్లోంచి గాలి వదిలినట్టు ఉస్సు ఉస్సుమంటోంది. ఇదిగో, ఇక్కడ." ఆవిడ వేలు మూడో సిలిండరు మీదుంది.

"నాకేం వినపడదే!" అన్నాడు బావ.

"వదిన పిలిస్తే మాత్రం వినపడుతుందా అన్నయ్యా మీకు?"

మేస్త్రి ఇంజన్ ఆపి నాజిల్ మళ్ళీ ఊడదీశాడు. నాజిల్ కూర్చునే గుంతలోకి టార్చి వేస్తే, అడుగున మసిలో కలిసిపోయి పాత వాషరు అతుక్కునే ఉంది. దాని మీదే కొత్తది వేసి బిగించాడు! పని నేర్చుకునేవాడు చేస్తే నెత్తిన మొట్టికాయ పడే తప్పు. సిగ్గుతో మొహం కందిపోయింది. పాతదాన్ని గీకి తీసి, గుంత శుభ్రం చేసి, ఒక్క వాషరుతో బిగించాడు. ఇంజన్ అందుకుంది. ఆవిడ విని తలూపింది.

బావ బండెక్కాడు. మేస్త్రి ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాడు. బావ కిటికీలోంచి ఆవిడతో ఏదో అని లారీ కదిలించాడు.

"ఏమన్నాడు?" అంటూ మేస్త్రి ఆవిడ వైపు తిరిగాడు.

ఆవిడ దగ్గరికొచ్చి అరిచింది. "రేపు రెండో బండి తెస్తాడట! నన్నెక్కడికీ వెళ్ళొద్దన్నాడు!"

ఆ మాట ఆయనకు మొదటిసారే వినపడింది. అయినా ఇంకోసారి చెప్పించుకున్నాడు.