వాగుకు ఇవతలి వైపు

మంగళవారం తెల్లవారుజామున పుదుచ్చేరి సారం పేటలోని తన ఇంట్లో మా మేనత్త చనిపోయింది. ఊపిరితిత్తుల జబ్బు. కూతురూ అల్లుడూ పక్కనే ఉన్నారు. జూన్‌లో హిమాచల్‌కు వెళ్ళాల్సిన జట్టు అప్పటికే రైలు టికెట్లు తీసుకుంది. ఆ జట్టును తయారు చేసింది ఆమే.

అత్త పుదుచ్చేరిలోనే ఆటల టీచరుగా పనిచేసి రిటైరైంది. ఆ తర్వాత ఏటా వేసవిలో ఊరివాళ్ళు కొందరిని వెంటబెట్టుకుని, గుడారాలు వీపున మోయిస్తూ కొండదారుల్లో నడిపించేది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మాకు ఎత్తు అలవాటు లేదు. ఊళ్ళో ఎక్కడానికి గుట్ట కూడా లేదు. అందుకని వీపు సంచుల్లో ఇసుక నింపి అరియాంకుప్పం వంతెన మీద అటూ ఇటూ తిప్పేది. బస్సుల్లోంచి జనం చూసి నవ్వేవాళ్ళు. అది కాళ్ళకు చాలు, ఊపిరికి చాలదని ఆమె చెప్పేది. కొడైకెనాల్‌లో రెండు రోజులుండి వచ్చాం, చలీ ఎత్తూ అలవాటైపోయాయి అనేవాళ్ళు ఏటా ఒకరిద్దరు తగిలేవాళ్ళు. “కొడైలో స్వెట్టర్ ఏసుకుంటే హిమాలయం ఎక్కినట్టేనా?” అని అడిగేది. అసలు నడక మొదలుపెట్టే ముందు, మధ్య ఎత్తులో ఒకచోట గుడారం వేసి పడుకుని ఒంటిని అలవాటు చేయాలి. ఆ చోటు వెతికే పని ఆమె ఎవరికీ అప్పగించేది కాదు.

కొన్నేళ్ళ కిందట యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ఉద్యోగి జట్టులో చేరాడు. మా ఇళ్ళలో తరతరాలుగా తమిళంతో కలిసిపోయిన తెలుగు అతనికి పెద్ద వినోదం. రైలెక్కినప్పటి నుంచి అత్త ఏమన్నా అదే యాసలో తిప్పి అనేవాడు. ఆమె ఊరుకునేది కాదు. “ఆయ్, తమరు టిఫిను చేశారాండీ?” అని గోదావరి యాస అతనికే వడ్డించేది.

ఆ ఏడాది మనాలిలో రెండు రాత్రులు గడిపాక జీపులో పైకి వెళ్ళాం. అత్త అనుకున్న చోట గొర్రెల మంద దిగి ఉంది. ఇంకా పైన మంచి పచ్చిక ఉందని డ్రైవరు ఒక వాగు దాటించి తీసుకెళ్ళాడు. చదునైన నేల, ఎదురుగా మంచుకొండ. అందరూ అక్కడే ఉందామన్నారు. నేనూ అన్నాను. గుడారాలు విప్పడం మొదలుపెట్టాం.

అత్త కొండ వైపు చూడలేదు. దాటి వచ్చిన వాగు దగ్గరికి నడిచి వెళ్ళింది. పగటి ఎండకు పైన మంచు కరిగి, సాయంత్రానికి ఆ వాగుల్లో నీళ్ళు పెరుగుతాయి. మేం దాటినప్పుడు పైకి కనిపించిన రాళ్ళు అప్పటికే మునిగాయి. ఇంకాస్త ఆగితే జీపు దాటదు. తెల్లవారి చలికి నీళ్ళు తగ్గేదాకా, ఎవరికి ఏమైనా, కిందికి దారి లేదు.

తిరిగొచ్చి ఒక్కొక్కరినీ ఎట్లా ఉందని అడిగింది. అందరూ బాగుందన్నారు. యానాం అతను కూడా, బాగానే ఉందండి, మీరు కూర్చోండి అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆమె నా పక్కకొచ్చింది.

“వీడు పొద్దుట్నుంచి నన్ను ఎక్కిరించలేదు. చూసినావా?”

అలిసిపోయాడేమో అన్నాను.

“అలిసినోడు ఇంకా ఎక్కువ ఎక్కిరిస్తాడు. అన్నీ మూటగట్టండి. సీక్రం.”

సీక్రం అంటే త్వరగా. ఆ మాట ఆమె నోట వచ్చిందంటే మామూలుగా ఇక వాదన ఉండదు. ఆ రోజు ఉండింది. ఇంత మంచి చోటు మళ్ళీ దొరకదన్నారు, తలనొప్పి అయితే మాత్ర ఉందన్నారు. తన వల్ల అందరి ప్రయాణం చెడుతుందని యానాం అతనే అందరికంటే గట్టిగా వద్దన్నాడు. అత్త గొంతు పెంచలేదు.

“పండుకునే చోటు చూసేటప్పుడు ముందు దిగే దారి చూడాల. కొండ యాడికీ పోదు.”

జీపు వాగులో దిగేసరికి నీళ్ళు చక్రాల సగానికి పైగా వచ్చాయి. మధ్యలో ఇంజను ఆగింది. డ్రైవరు తాళం తిప్పాడు. అంటుకోలేదు. రెండోసారికి అంటుకుంది. గట్టెక్కాక యానాం అతను దిగి వాంతి చేసుకున్నాడు. లేచి రెండడుగులు వేసి పక్కకు తూలాడు. ఎత్తు పడని మనిషి అట్లా తూలితే జబ్బు మెదడుకు పాకిందని అర్థం. అత్త ఎక్కడా ఆగనివ్వకుండా జీపును లోయలోని ఊరిదాకా దింపించింది. అక్కడి ఆరోగ్య కేంద్రంలో అతనికి ఆక్సిజన్ పెట్టారు. ఆమె గడప దగ్గరే నిలబడింది. కుర్చీ వేసినా కూర్చోలేదు.

పొద్దున అతను కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు.

“ఏంది అత్తా, యాడ ఉండాము?”

అచ్చం ఆమె గొంతే. అప్పుడు కూర్చుంది.

ఆ తర్వాత అతను ప్రతి ఏడూ జట్టులో ఉన్నాడు. అత్తకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. నేను పత్రికలో రాసినవి అతనే చదివి వినిపించేవాడు, అదీ ఆమె యాసలోకి మార్చి. నేను రాసిన దానికంటే అదే బాగుంటుందని ఆమె అనేది.

పోయిన నెల అతను చూడటానికి వచ్చేసరికి ఆమె మంచం దిగలేకపోతోంది. డాక్టరు చెప్పింది మేం ఆమెకు పూర్తిగా చెప్పలేదు. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, మందులు వేసుకుంటున్నారాండీ, నిద్ర పడుతోందాండీ అని అడుగుతున్నాడు. అత్త కాసేపు విని, చెయ్యెత్తి ఆపింది.

“నువ్వు ఎక్కిరించడం లేదే. అంటే నాకు బాగలేదు. అంతేనా?”

నేను కిటికీ వైపు చూశాను. అతను తల దించుకుని, మళ్ళీ ఎత్తాడు.

“యాడికత్తా, మాతో చెప్పకుండా బయల్దేరినావు?”

ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. అది తగ్గడానికి సమయం పట్టింది.

“సరి. జట్టును నువ్వు తీసుకోని పో. వాగుకి ఇవతలే పండుకోండి.”

ప్రయాణం రద్దు కాలేదు. మొదటి గుడారం వేసే చోటు ఇంకా ఖాయం కాలేదు. వాగుకు ఏ వైపన్నది ఖాయమైంది. అత్త వీపు సంచీ సారం ఇంటి వరండాలో గోడకు ఆనించి ఉంది. అందులోని ఇసుకను ఎవరూ తీయలేదు. తీయొద్దనీ, దాన్ని అట్లాగే తాను మోస్తాననీ యానాం అతను చెప్పాడు. ఆదివారం ఉదయం ఆరింటికి అరియాంకుప్పం వంతెన దగ్గర, ఇవతలి వైపున, జట్టు కలుస్తుంది.