రశీదు మాస్టారు

మా మాస్టారికి రశీదుల పిచ్చి. మున్సిపల్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి, రిటైరైన నెలలోనే గ్రంథాలయం మేడ మీది గదిలో క్లాసులు మొదలుపెట్టారు. ప్రభుత్వోద్యోగాల పరీక్షలకు చదివే పిల్లల కోసం. ఫీజు లేదు, చాదస్తం మాత్రం కావలసినంత.

పాఠం సగం, నాటకం సగం. ఆయనే పింఛను అందని ముసలాయనలా కర్ర పట్టుకుని వచ్చేవారు. మేం అధికారులం. ముందు కుర్చీ చూపించాలి. కాగితం అందుకోగానే తేదీ, టైము వేసి రశీదు చేతికివ్వాలి. ఆ తర్వాతే మాట. ఎవరైనా మరిచిపోతే ఆ మోకాళ్ళ నొప్పులతోనే మెట్లన్నీ దిగి, మళ్ళీ మొదటినుంచి ఎక్కి వచ్చేవారు.

"రశీదు ఇచ్చాక ఆ మనిషికి నువ్వు దొరికిపోయినట్టేరా. దొరకాలనే ఇవ్వడం," అనేవారు. అలా రశీదు మాస్టారయ్యారు.

ఆ నాటకంలో ఒక్కసారి కూడా తప్పనిది అక్క. సొంత అక్క కాదు, క్లాసులో నాకు సీనియర్. ఇంటర్వ్యూలో ఈ రశీదు సంగతే చెప్పి బోర్డు చేత శభాష్ అనిపించుకుంది. నేను రెండుసార్లు తప్పి, మాస్టారు చేసిన మున్సిపల్ ఆఫీసులోనే గుమాస్తాగిరీతో సరిపెట్టుకున్నాను. ఏడేళ్ళకు ఆమె మా ఆఫీసుకే కమిషనర్‌గా వచ్చింది. ఆ రోజు మాస్టారు పాఠం ఆపేసి మిఠాయి పంచారు.

ఈ ఏడాది ఆ మేడను ఓ ప్రైవేటు కోచింగ్ సెంటరుకు లీజుకిస్తామని మా ఆఫీసు నుంచి ప్రకటన పడింది. అభ్యంతరాలకు పదో తేదీ ఆఖరు. మాస్టారు తొమ్మిదిన వచ్చారు. వచ్చిన కాగితాలు తీసుకునే సీట్లో ఉన్నది నేనే. నాలుగు పేజీలు, కొట్టివేత ఒక్కటి లేదు, అడుగున పిల్లల సంతకాలు. రశీదు పుస్తకం తీయబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"నీకూ నాకూ మధ్య రశీదేమిట్రా! పైన కూర్చున్నదీ మన పిల్లే," అని నవ్వుతూ వెళ్ళిపోయారు. బతుకులో ఆయన రశీదు లేకుండా ఇచ్చిన కాగితం అదొక్కటే అయివుంటుంది.

మాస్టారు వచ్చిన సంగతి ఎవరు చెప్పారో, దాన్ని రిజిస్టర్లోకి ఎక్కించేలోపే అక్క పిలిచింది.

"అది పన్నెండున వచ్చినట్టు వెయ్యి."

"అక్కా, అది మాస్టారిది."

"నాకు తెలీదా? పైనుంచి చంపేస్తున్నారు. ఒక్క అభ్యంతరం ఉన్నా లీజు ఆగిపోతుంది. ఆయనకి ఇంకో గది చూద్దాంలే. అన్నట్టు, నీ ప్రమోషన్ ఫైలు నా దగ్గరే ఉందిగా."

నేర్చుకున్న నీతులన్నీ ఏ గంగలో కలిపిందని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఆ కాగితాన్ని మూడు రోజులు సొరుగులో దాచి, పన్నెండున ముద్ర వేశాను. మనసులో తిట్టుకోవడానికి ధైర్యం అక్కర్లేదు కదా.

విచారణ రోజు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. అక్క కుర్చీ చూపించలేదు.

"గడువు దాటాక ఇచ్చారండీ. ముందే ఇచ్చినట్టు రశీదుందా?" అంది, ఫైల్లోంచి తలెత్తకుండా.

"లేదమ్మా. తొమ్మిదిన ఇచ్చాను, వీడి చేతికే. వీణ్ణే అడుగు తల్లీ."

ఇద్దరూ నా వైపు చూశారు. మాస్టారి ముఖంలో ఇంకా ధీమానే ఉంది.

"రిజిస్టర్లో పన్నెండే ఉంది మేడమ్," అన్నాను.

ఆయన నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి బయటికి నడిచారు. నేను వెనకాలే పరుగెత్తి వరండాలో అందుకున్నాను.

"మాస్టారూ, అక్క నన్ను ఇరికించేసింది. మీకు వేరే గది ఇప్పిస్తుందట. పిల్లల్ని అక్కడికి..."

"గదెందుకురా? వాళ్ళకి ఏం చెప్పను? మీ ఇద్దరికీ చెప్పినంత శ్రద్ధగా ఇంకెవరికీ చెప్పలేదు నేను." ఆయన నా వైపు తిరిగారు. "అయితే అవన్నీ పరీక్ష కోసం రాసుకున్నారన్నమాట."

లీజు మొదలవడానికి ఇంకా నెల ఉంది. పిల్లల పరీక్ష ఇరవై రోజుల్లో ఉంది. మర్నాడే ఆయన గది తాళంచెవి మా ఆఫీసులో అప్పగించి వెళ్ళిపోయారు. మళ్ళీ ఎవరికీ పాఠం చెప్పలేదు.