పబ్బు ముందు నా కోలాటం

నేను పబ్బు దగ్గర డాన్స్ చేస్తున్నానని ఫోన్లో చెప్తే మా అమ్మ హడలిపోయింది. "ఒసేయ్, మీ ఆయనకి తెలుసా?" అంది. "ఆయనే కార్లో దింపుతాడమ్మా" అన్నాను. దాంతో ఇంకా భయపడిపోయింది.

అది అమ్మ అనుకునే డాన్స్ కాదు. మోరిస్ డాన్స్ అంటారు, ఇంగ్లండు పల్లెటూళ్ళ పాత ఆట. తెల్లబట్టలేసుకుని, మోకాళ్ళ కింద గజ్జెలు కట్టుకుని, ముగ్గురటు ముగ్గురిటు ఎదురెదురుగా నిలబడి, ఎగురుతూ కర్రలు కొట్టుకోవాలి. ఒకాయన పక్కన అకార్డియన్ వాయిస్తాడు.

నేను ఆక్లండ్‌కి దక్షిణాన లోవర్ హట్ అనే ఊళ్ళో, ముసలివాళ్ళని చూసుకునే రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్ని. ఓ సాయంత్రం డ్యూటీ దిగి స్టేషన్‌కి నడుస్తుంటే కమ్యూనిటీ హాల్లోంచి కర్రల చప్పుడు వినిపించింది. నా కాళ్ళు ఆగిపోయాయి. మా ఊరి చర్చిలో ఏటా క్రిస్మస్‌కి కోలాటం వేసేవాళ్ళం, పాస్టరమ్మగారు నేర్పేవారు. తలుపు కొంచెం తోసి చూశా. అందరూ మా అమ్మ ఈడువాళ్ళే.

"వస్తే లోపలికి రా, పోతే పో. తలుపు మాత్రం మూసెయ్, గాలి!" అంది వాళ్ళ లీడరమ్మ, రిటైరైన టీచరు. వెళ్ళాను. కర్ర చేతికిచ్చేసింది.

చలికాలమంతా వదలకుండా వెళ్ళా. కానీ ఒక్కటి గుచ్చుకునేది. వాళ్ళల్లో ఎవరైనా తప్పితే లీడరమ్మ ఊరుకునేది కాదు. "ఆ మోకాలు నీదేనా, అద్దెకి తెచ్చుకున్నావా?" అనేది. అదే నేను తప్పితే, "పర్లేదు డార్లింగ్, చాలా బాగా చేశావ్!" అందరూ నవ్వుతూ తలూపేవాళ్ళు. ఇంటికొచ్చిన చుట్టం సరదాపడి కూర వండి మాడ్చేస్తే, అబ్బ ఎంత బాగుందో అని తింటాం చూడండి, అలాగన్నమాట. నాకు చుట్టంలా ఉండాలని లేదు. నన్ను కూడా తిట్టాలి.

ఎండలు రాగానే ఓ శనివారం మధ్యాహ్నం పబ్బు ముందు ఆట పెట్టారు. టీమ్‌లో ఒకావిడకి మోకాలు పట్టేసింది. ఆరుగురు లేకపోతే ఆ ఆట లేదు. "నువ్వు రా" అంది లీడరమ్మ. ఇవాళ బాగా చేస్తే టీమ్‌లో మనిషినైపోతా, పాడుచేశానా ఇంక ఎప్పటికీ చుట్టాన్నే అనుకున్నా.

మా ఆయన ఆరెంజ్ జ్యూస్ పట్టుకుని, టోపీ ముక్కు దాకా లాక్కుని బెంచీ చివర కూర్చున్నాడు.

"మన చర్చికొచ్చే ఆంటీ కారు ఇప్పుడే ఇటు వెళ్ళిందే, మనల్ని చూసిందేమో!" అన్నాడు.

"వెళ్తే? ఆవిడకీ ఓ కర్ర ఇమ్మంటావా?"

నా జోడీ గుబురు గడ్డం అంకుల్, ఒకప్పుడు ప్లంబరు. మొదట్లో బాగానే కొట్టుకున్నాం. జనం చప్పట్లు కొట్టేసరికి అకార్డియనాయనకి ఊపొచ్చి జోరు పెంచేశాడు. అంతే, నా కాళ్ళకి మా ఊరు గుర్తొచ్చేసింది. కోలాటంలో జోరు అందుకుందంటే ఒకరితో కొట్టి పక్కకి జరిగిపోవాలి. ఇక్కడేమో మన జోడీ దగ్గరే ఉండాలి. నేను జరిగిపోయా! నా పక్కనున్నావిడ చోట్లోకి దూరిపోయా. ఆవిడ ఖంగుతిని అవతలకి జరిగింది. చివరావిడకి చోటే లేక, ఎగురుకుంటూ వెళ్ళి బీరు తాగేవాళ్ళ టేబుల్ దగ్గర తేలింది. గడ్డం అంకుల్ ఎదురుగా ఎవరూ లేని గాలిని ఒక్కటిచ్చాడు, కర్ర చేజారి పూలకుండీలో పడింది.

పాట ఆగింది. లీడరమ్మ నా మీదకి వచ్చింది.

"ఎక్కడికమ్మా ఆ ఊరేగింపు? నీ జోడీ అక్కడ ఒక్కడే ఈగలు తోలుకుంటున్నాడు, కనపడలా? పో, వెళ్ళి జగ్గు పట్రా!"

నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. అయిపోయింది, ఇంక రానివ్వరు అనుకున్నా. గడ్డం అంకుల్ కుండీలోంచి కర్ర తీసుకుంటూ, "ఏడుస్తావేంటి? పబ్బు దగ్గర ఆట తప్పినవాళ్ళు అందరికీ ఓ జగ్గు బీరు కొనాలి. రూలు" అన్నాడు.

"ఎవరు తప్పినా అంతేనా?"

"ఎవరు తప్పినా ఎలా కొనిపిస్తాం? పోయినేడు ఆక్లండ్ నుంచి ఒకాయనొచ్చి ఆటంతా నాశనం చేశాడు. పాపం గెస్టు కదా, మేమే పోయించాం. ఫైనంటే మనోళ్ళకే."

కార్డు కోసం మా ఆయన దగ్గరికి పరిగెత్తా.

"తిట్టిందా?" అన్నాడు దిగులుగా.

"తిట్టింది! ఎంత తిట్టిందో!" అన్నా పళ్ళన్నీ బయటపెట్టి. మా ఆయన జ్యూస్ కింద పెట్టి నన్ను తేరిపార చూశాడు.

బార్‌లో ఏ బీరు కావాలన్నారు. నాకేం తెలుసు, ఎప్పుడైనా కొన్నానా? గుమ్మంలోంచి అరిచా, "అంకుల్, మనవాళ్ళు ఏది తాగుతారు?"

"నల్లది!"

వెనకాలే లీడరమ్మ గొంతు. "నురగ తక్కువ పోయించు! అదన్నా సరిగ్గా చెయ్యి!"