చెయ్యి అడ్డం పెట్టే బొమ్మ

"ఇగ ఆపు తమ్మీ."

"ఆపితే ఉత్త ఫోటో అయితదక్కా."

శంషాబాద్‌ల వీడియో దుకాణపాయనతోని నాకు గదే ఆఖరి మాట. మంచోడే. అప్పట్ల మా దిక్కు కంప్యూటర్ ఆయన కాడనే ఉండె.

మా ఆయన సచ్చిపోయినంక, ఆడబిడ్డ పెండ్లి క్యాసెట్ల ఆయన మొఖం కనవడే తునకను కదిలే బొమ్మ చేసియ్యుమన్న. దుకాణపాయన ఊరికెనే దొరికిన సాఫ్ట్‌వేర్‌తోని చేసిండు. క్యాసెట్ మొత్తంల మా ఆయన కెమెరా దిక్కు తిరిగింది ఒక్కపారే, అదీ "నన్ను తియ్యకు" అని చెయ్యి అడ్డం పెట్టనీకె. కంప్యూటర్ల గదే తిరిగి తిరిగి వస్తుండె. వచ్చినప్పుడల్లా దుకాణపాయన గోరుతోని అద్దం మీద కొట్టి, "సూడక్కా, మల్ల మొదలుకెల్లి" అని మురుస్తుండె. నా మొగడేమో అండ్లకెల్లి బయటికి రాలేక, వద్దు వద్దంటనే ఉండె. నేను ఏడ్సుకుంట లేసొచ్చిన.

రాసినవా కోడలా? జర సదివి వినిపియ్యి. ఆయన చెయ్యి అడ్డం పెట్టింది మాత్రం ఒక్కపారే సదువు బిడ్డా.