ప్రొఫైల్ ఫైలూ, పహలే ఆప్

ఆ రోజుల్లో నాకు లైనక్సు వచ్చని గట్టిగా నమ్మేదాన్ని. నమ్మకం పక్కాగానే ఉండేది, లైనక్సే కొంచెం కచ్చా. నిజామాబాదులో కోర్సు ముగించి, బోధన్ దగ్గర చెరుకు తూచే కాంటాలో, లైనక్సు మీద నడిచే కంప్యూటర్ చూసుకునే పనిలో చేరాను. కాంటా నడిపే పెద్దాయనను అందరిలాగే నేనూ చాచా అనేదాన్ని. లాగిన్ కాగానే కంప్యూటర్ చదువుకునే చిన్న ఫైళ్ళు రెండుంటాయి: ప్రొఫైల్ ఒకటి, బాష్‌ఆర్‌సీ ఇంకొకటి. మొదటిది రెండోదాన్ని కూడా చదవమని పిలవడం మామూలే. తూకం ప్రోగ్రాంకు ఒక షార్ట్‌కట్ పెట్టబోయి, ఎందులో రాయాలో తెలియక (ఎవరినైనా అడిగితే పరువు పోదూ!), రెండోది కూడా మొదటిదాన్ని పిలిచేలా ఒక లైను కలిపాను. ఒకదానికొకటి తోడుంటే మంచిదే కదా అనుకుని ధీమాగా లాగౌట్ నొక్కాను.

మళ్ళీ లాగిన్ చేస్తే పాస్‌వర్డ్ తీసుకుంది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి నన్నే బయటికి నెట్టేసింది. ఎన్నిసార్లు చేసినా అదే తంతు. వేరే లాగిన్ లేదు. బయట చెరుకు ట్రాక్టర్లు రోడ్డుదాకా నిలిచాయి. ముందున్న బండి రైతు కిటికీలోంచి తొంగిచూశాడు.

"బిడ్డా, సెరుకు ఎండుతున్నది. ఎండినకొద్ది తూకం తగ్గుతది, ఎరుకేనా?"

"అయిపాయె బాపూ, లేస్తున్నది" అని అబద్ధమాడాను. నా ఉద్యోగం సంగతి సరే, రైతుల ఏడాది కష్టం నా మూలంగా ఎండిపోతోందని ఏడుపు తన్నుకొచ్చింది. నన్ను నిలదీయడానికే కాబోలు, ఆయనా చాచా కలిసి గదివైపు వచ్చారు. తలుపు ఇరుకు.

"నడువు పటేలా" అన్నాడు చాచా, రైతుకు దారి ఇస్తూ.

"నువ్వు పెద్దోనివి భాయ్, నువ్వే ముందుగాల పో."

"నై నై, పహలే ఆప్!"

ఇద్దరూ గడప బయటే. ఒకరు అడుగు వేస్తే గదా ఇంకొకరు వేసేది! కళ్ళనీళ్ళతోనే ఫక్కున నవ్వాను. లోపల నా రెండు ఫైళ్ళూ చేస్తున్నది అదే: నువ్వు ముందంటే నువ్వు ముందని. ఆ మర్యాద మధ్యలో ఎవరో ఒకరు దూరాలి. పాస్‌వర్డ్ కొట్టి, వెంటనే నడుస్తున్న పనిని ఆపే కంట్రోల్-సీ నొక్కాను. వాటి వాదన ఆగింది, తెర తెరుచుకుంది. నేను కలిపిన లైను తీసేశాను. కాంటా కదిలింది.

"క్యా హువా బిటియా?" అన్నాడు చాచా, ఇంకా గడప అవతలినుంచే.

"ఏం లేదు చాచా, లోపల ఇద్దరు మర్యాదకు పోయిండ్రు."

ఇప్పుడు అలాంటి ఫైలు ముట్టుకుంటే, తెరమీద ఇంకో కిటికీ తెరిచి అందులో లాగిన్ అయి చూసుకున్నాకే పాతది మూస్తాను. చెయ్యి చాలా జాగ్రత్త నేర్చింది. కానీ ఏమీ తెలియకుండానే అంత ధీమాగా లాగౌట్ నొక్కిన ఆ పిల్ల మాత్రం నాలోకి మళ్ళీ లాగిన్ కాలేదు.