సారెలో వెళ్ళిన దేవుడు

ఆ రోజుల్లో మా రాజమండ్రి వైపు పెళ్ళిసంబంధాలకి వచ్చినవాళ్ళు అబ్బాయి మంచివాడా అని అడిగేవారు కాదు, ఎంతవరకు చదివాడని అడిగేవారు. ఆ ప్రశ్నకి నా దగ్గర చాలా చిన్న జవాబు ఉండేది. నేను ఏడో తరగతితో బడి మానేసిన సాయంత్రం లెక్కల మాస్టారు సైకిలేసుకుని మా ఇంటికొచ్చారు. బతిమాలి వెనక్కి తీసుకెళ్తారేమోనని మా అమ్మ ఏడుపు ఆపింది. ఆయన మా నాన్నకి దణ్ణం పెట్టి, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

తొంభైలు ముగిసేనాటికి నేను ట్యాక్సీ నడిపేవాణ్ణి. ఒక ఫ్యాక్టరీలో కొత్త మిషను బిగించడానికి ఇద్దరు దొరలు దిగితే, వాళ్ళని తిప్పే పని నాకు పడింది. ఒకాయనది పోలండ్, బాగా పొడుగు. రెండో ఆయన చెక్ దేశస్థుడు, నున్నటి గుండు. వాళ్ళకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు అందులో సగం, అందుకని ముగ్గురికీ చక్కగా కుదిరింది (ఇంగ్లీషు బాగా వచ్చిన మేనేజరు మాటే ఎవరికీ అర్థమయ్యేది కాదు). దారిలో చర్చి కనబడితే చాలు, పొడుగాయన శిలువ గుర్తు వేసుకునేవాడు. వెంటనే గుండాయన, "డ్రైవరూ, ఆ దేవుణ్ణి వీళ్ళకిచ్చింది మేమే" అని మొదలెట్టేవాడు. వెయ్యేళ్ళ కిందట వాళ్ళ ప్రేగ్ రాకుమారిని పోలండ్ రాజు చేసుకున్నాడట. ఆయనకి అప్పటికే ఏడుగురు పెళ్ళాలట. వాళ్ళందరినీ వదిలి బాప్తిస్మం తీసుకుంటేనే కాపురం అందట ఈవిడ. ఆయన తీసుకున్నాడు, ఆయన వెనకే దేశమూ తీసుకుంది. చర్చిలో వాడే మాటలు కూడా చాలావరకు చెక్ వాళ్ళ దగ్గర్నుంచే వెళ్ళాయట. ఆ తరవాత ప్రేగ్ బిషప్పు ఒకాయన్ని పరాయి దేశంలో ఎవరో చంపేస్తే, పోలండ్ వాళ్ళు ఆయన శవాన్ని ఎత్తుకెత్తు బంగారమిచ్చి తెచ్చుకుని తమ దేశానికి రక్షకుడిగా నిలుపుకున్నారట. (చచ్చాక తులాభారం తూగిన మనిషి గురించి వినడం నాకదే మొదలు.)

"ఇచ్చారు, కాదన్లేదు. మరి ఇప్పుడు మీ ఇళ్ళల్లో చర్చికెళ్ళేవాళ్ళు ఎంతమంది?" అని పొడుగాయన అడిగేసరికి గుండాయన కిటికీలోంచి గోదావరిని చూస్తూ కూర్చునేవాడు. నాకు విషయం అర్థమైపోయింది. ఇది వియ్యాలవారి గొడవ. కూతురి సారెలో ఇంట్లో ఉన్న గుండిగలన్నీ పంపేసి, తమకి వండుకోవడానికి గిన్నె లేకుండా మిగిలిన పుట్టింటివాళ్ళు ఈ చెక్ వాళ్ళు.

ఆ నెలలోనే నిడదవోలులో నాకు పెళ్ళిచూపులు. అంతకుముందు రెండు సంబంధాలు చదువు దగ్గరే ఆగిపోయాయి. ఇది మాత్రం ఆగకూడదని, కాఫీ పళ్ళెంతో గుమ్మం దాటుతూ అమ్మాయి నన్ను చూసి నవ్వాపుకోగానే అనుకున్నాను. (చొక్కా బొత్తాలు ఒకటి తేడాగా పెట్టుకున్నానని తరవాత తెలిసింది.) వాళ్ళ నాన్నగారు హైస్కూల్లో సోషల్ మాస్టారు. కళ్ళజోడు సర్దుకుని, "అబ్బాయి ఎంతవరకు చదువుకున్నాడండి?" అన్నారు. మా మావయ్య అప్పటికే చల్లారిన కాఫీని ఊదుకోవడం మొదలెట్టాడు.

"ఏడండి" అన్నాను. "కానీ సోషల్ మటుకు పోలండ్ దాకా వచ్చండి."

"అలాగా! ఏదీ, ఒక ముక్క చెప్పు బాబూ."

ఒక ముక్కేమిటి, ఏడుగురు పెళ్ళాల నుంచి గుండిగల దాకా మొత్తం చెప్పాను. మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "సారెలో దేవుణ్ణే పెట్టి పంపారా! ఎంత పెట్టుపోతల మనుషులో!" అని వాళ్ళ బామ్మ ముక్కున వేలేసుకుంది. ఇక కుదిరినట్టేనని మావయ్య మైసూరుపాకు అందుకున్నాడు.

అప్పుడు అమ్మాయి నోరు విప్పింది. "నాన్నా, ఆవిడ షరతు పెట్టిందిగా. నేనూ ఒకటి పెట్టొచ్చా?"

మావయ్య చేతిలో మైసూరుపాకు దారిలోనే ఆగిపోయింది. మాస్టారు నా వంక చూశారు. చరిత్ర చెప్పినవాణ్ణే నేను, ఏమని కాదంటాను? "పెట్టండి" అన్నాను.

"ఆ జేబులో సిగరెట్ పెట్టె ఉంది కదండీ. అది మానేస్తేనే."

పల్చటి తెల్ల చొక్కా వేసుకెళ్ళడం నా బుద్ధితక్కువ. పెట్టె తీసి కాఫీ పళ్ళెంలో పెట్టేసి, "ఆయన ఏడుగుర్ని వదిలాడండి, నేనీ ఒక్కదాన్ని వదల్లేనా!" అన్నాను. మాస్టారు నవ్వేశారు. మావయ్య మైసూరుపాకు నోటికి చేరింది.

పెళ్ళికి దొరలిద్దరూ వచ్చారు. ఎవరూ చెప్పకుండానే గుండాయన వెళ్ళి ఆడపెళ్ళివారి వైపు కూర్చున్నాడు. సారెలో వచ్చిన ఆత్రేయపురం పూతరేకుల్లో సగం మగపెళ్ళివారి తరఫున పొడుగాయనే తినేశాడు.

ఇప్పుడు నా తలకీ గుండాయన తలకీ తేడా లేదు. బొత్తాలు తప్పు పెట్టుకుని పోలండ్ పాఠం చెప్పిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే జాలీ ముచ్చటా రెండూ కలుగుతాయి. మొన్న పిల్లలు అడిగితే ఈ కథంతా మళ్ళీ చెప్పి, "చూశార్రా, మీ అమ్మ కోసం నేనూ ఆ రాజులాగే వదిలేశాను" అని మీసం దువ్వుకున్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది. "ఆయన ఏడుగుర్నీ ఒక్కసారే వదిలాడర్రా. మీ నాన్న ఒక్కదాన్నే ఏడుసార్లు వదిలారు."