పేరెత్తకూడని ఇన్సులిన్

మెడకు టై బిగించుకుని, చిత్తూరు ఎండలో నల్లబ్యాగు మోసుకుంటూ తిరిగిన కాలమొకటి నాకూ ఉంది. ఆ రోజుల్లో మూఢనమ్మకానికి చోటులేని ఉద్యోగం లోకంలో ఒక్కటే ఉందనీ, అది మందుల కంపెనీ రెప్ ఉద్యోగమనీ నేను గట్టిగా నమ్మేవాణ్ణి. తిరుపతిలో చదువుకునేటప్పుడు హేతువాద చర్చల్లో గొంతు చించుకున్నవాణ్ణి. తాయెత్తులు కట్టేవాణ్ణీ, చేయి చూసి జాతకం చెప్పేవాణ్ణీ నిలబెట్టి "రుజువేదీ?" అని అడిగినవాణ్ణి. అలాంటివాడి చేతికి ఇన్సులిన్ పెన్నూ, దాని గొప్పతనం వివరించే రంగుల బొమ్మల పుస్తకమూ ఇస్తే ఏమవుతుంది? సైన్సును ఊరూరా చేరవేసే పని నాకు అప్పగించారనుకున్నాను. (తోటి రెప్‌లు నాకు ‘ఉపన్యాసం’ అని పేరు పెట్టారు. డాక్టరు ఇచ్చే ఒక్క నిమిషంలో పది నిమిషాల సంగతి చెప్పబోయి బయటికి గెంటించుకున్నవాణ్ణి మా జిల్లాలో నేనొక్కణ్ణే.)

ఆ ఉద్యోగంలో మాకు మొట్టమొదట నేర్పింది మందు గురించి కాదు. పోటీ కంపెనీ మందు పేరు నోట పలకకూడదని నేర్పారు. "వాడి మందు పనికిరాదని నువ్వు చెప్పినా, వాడి పేరు డాక్టరు చెవిలో పడినట్టే గదప్పా? వాళ్ల కంపెనీకి నువ్వెందుకు ఊరికే పనిచేసేది?" అని మా మేనేజరు కళ్లెర్రజేసేవాడు. ఆ మందు ప్రస్తావన రాక తప్పకపోతే "మార్కెట్లో ఉన్న మరొకటి" అనాలి. అసలు రాకుండా చూసుకోగలిగితే వాడే మొనగాడు. ఎందుకు, ఏమిటి అని ప్రతిదానికీ అడ్డం తిరిగే నేను ఈ ఒక్కదాన్నీ ప్రశ్న లేకుండా మింగేశాను. ఆరునెలల్లో నా నాలుక ఎంత తయారైందంటే, ఒంటరిగా స్నానం చేస్తూ కూడా ఆ పేరు అనుకునేవాణ్ణి కాదు.

పేరెత్తకూడని ఆ మందు, పోటీ కంపెనీ రెప్ ప్రసాదమన్న అమ్మేది. ఆ పేరు అతనికి అమ్మానాన్నలు పెట్టింది కాదు. ప్రతి సోమవారం కొండ మీది లడ్డూలు తెచ్చి డాక్టర్లందరికీ పంచుతాడు కాబట్టి మేం పెట్టింది. చిత్తూరులో నేను వెళ్లే షుగర్ డాక్టరుగారి గది బయట, ‘తీపి తినరాదు’ అని రాసిన బోర్డు కిందే కూర్చుని, ఒళ్లో లడ్డూ పొట్లం పెట్టుకుని, నన్ను చూసి నవ్వేవాడు. "ఏం ఉపన్యాసం, ఈ దినం ఏం సైన్సు తెచ్చినావు?" అనేవాడు. షుగర్ డాక్టరుకు లడ్డూ! నాకు ఒళ్లు మండిపోయేది. అంతకన్నా మండే సంగతి ఇంకొకటుంది. ఐరాల దగ్గర బెల్లం వండుకునే మా పెదనాయన వాడేది కూడా ప్రసాదమన్న మందే!

పెదనాయన సంగతి కొంచెం చెప్పాలి. ఆయన కాలి బొటనవేలికి పుండు లేచి నాలుగు నెలలు మానలేదు. వేలు తీసేయాలన్నారు. అప్పుడు ఈ డాక్టరుగారే సీసాలో వచ్చే ఆ ఇన్సులిన్ మొదలుపెట్టారు. పుండు మానింది, వేలు మిగిలింది, మూడేళ్లుగా షుగరు నిలకడగా ఉంది. ఇంట్లో ఫ్రిజ్ లేదు. తడి ఇసుక పోసిన చిన్న మట్టికుండలో సీసా దాచుకుని, పొద్దునా సాయంత్రం గడియారం తప్పినా తాను తప్పకుండా సూది వేసుకునేవాడు. బుద్ధి ఉన్నవాడు చూసి సంతోషించాల్సిన విషయమిది. నేను మాత్రం సొంత ఇంట్లో శత్రువు జెండా ఎగురుతున్నట్టు కుమిలిపోయాను.

ఇంతలో నాకొక అవకాశం వచ్చింది. డాక్టరుగారి అత్తగారు దర్శనానికి వచ్చారు. ఆ వారం ప్రసాదమన్న మరదలి పెళ్లి పనిలో ఉన్నాడు. డాక్టరుగారు తొలిసారి నా ముఖంలోకి చూసి, "నీది తిరుపతే గదా?" అన్నారు. అంతే. దేవుడున్నాడా లేడా అని వేదిక మీద బల్ల గుద్ది అడిగిన నేను, మర్నాడు ఆ పెద్దావిడ వేణ్ణీళ్ల ఫ్లాస్కూ చేతిసంచీ మోస్తూ వరుసలో ఏడు గంటలు నిలబడ్డాను. "ఈ కాలంలో నీ అంత భక్తి ఉండే పిల్లోణ్ణి నేను చూడలేదు నాయనా" అని ఆవిడ మెచ్చుకుంటే, "అంతా స్వామి దయ అమ్మా" అన్నాను. (ఈ వాక్యం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మా చర్చా వేదిక మిత్రులు నన్ను క్షమించాలి.)

ఆ వారం నుంచి డాక్టరుగారి చీటీల మీద మా పెన్ను పేరు కనిపించసాగింది. ఎవరి రక్తం పరీక్ష చూసి? ఏ రోగికి ఏం మేలని? అవేవీ అడక్కండి. అత్తగారి దర్శనం బాగా జరిగింది, అందుకని చిత్తూరులో రోగుల మందు మారింది. ఇప్పుడు ఇది రాస్తుంటే నా మీద నాకే కోపం వస్తోంది. అప్పుడు మాత్రం పూతలపట్టు కూడలిలో బండి ఆపి, సంతోషం పట్టలేక, ఒక్కణ్ణే రెండు ప్లేట్ల బజ్జీలు తిన్నాను.

మారిన వాళ్లలో పెదనాయన కూడా ఉన్నాడని తెలిసి ఆ సాయంత్రమే ఐరాల పోయాను. పెన్ను ఎలా పట్టుకోవాలి, ఎన్ని పాయింట్లకు తిప్పాలి, సూది ఎంత సన్నం, నొప్పి ఎంత తక్కువ అని మంచం మీద బొమ్మల పుస్తకం పరిచి అరగంట చెప్పాను. డాక్టర్లెవరూ విననిది పెదనాయన నోరు తెరుచుకుని విన్నాడు. "మా వోడు ఎంత బాగా చెప్తా ఉండాడో సూడు" అని పెద్దమ్మను పిలిచి చూపించాడు. నా జన్మలో అంత గొప్ప ఉపన్యాసం ఇంకొకటి లేదు.

మూడో రోజు పొద్దున పెద్దమ్మ ఫోను. "రేయ్, మీ పెదనాయన బెల్లం పెనం కాడ ఒళ్లంతా చెమటలు పట్టి ఏందేందో మాట్లాడతా కూలబడినాడు. నోట్లో బెల్లంపాకం పోస్తే కొంచెం తెప్పరిల్లినాడు. ఆటోలో చిత్తూరుకు తీసకపోతా ఉండాము. నువ్వు రా!"

నేను వెళ్లేసరికి పెదనాయనకు గ్లూకోజు ఎక్కుతోంది. కళ్లు మూసుకుని ఉన్నాడు. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. చీటీ రాసే నర్సు పెద్దమ్మను మొగుడి పేరు అడుగుతోంది. పెద్దమ్మ తల వంచుకుని, "మావోడొచ్చినాడు, వాణ్ణి అడగండమ్మా" అంది. మొగుడి పేరు పలకకపోవడం ఎంత మూఢత్వమో సభలో ముప్పావుగంట మాట్లాడినవాణ్ణి నేను. ఆ స్థితిలో కూడా ఆవిడ మీద నాకు కోపం వచ్చింది. అప్పుడే డ్యూటీ డాక్టరమ్మ వచ్చి నన్ను అడిగింది.

"షుగరు బాగా పడిపోయింది. పెన్ కాకుండా ఇంకేమైనా ఇన్సులిన్ వేసుకున్నాడా?"

"ఉండచ్చు మేడమ్. మార్కెట్లో ఉన్న మరొకటి..."

"మరొకటంటే ఏది?"

"సీసాలో వస్తుంది మేడమ్."

"సీసాలో ఎన్నో వస్తాయి. పేరు లేదా దానికి?"

నా నాలుక కదల్లేదు. ఒట్టు, కదల్లేదు! పక్కన పెద్దమ్మ, ఇటు నేను. ఇద్దరికీ ఒకటే జబ్బు. ఆవిడకు పుట్టింటివాళ్లు నేర్పితే వచ్చింది, నాకు కంపెనీ నేర్పితే వచ్చింది. చివరికి పేరు చెప్పాను. (ఇక్కడ ఆ పేరు రాయకపోవడానికి కారణం కంపెనీ నియమం కాదు, పత్రిక మర్యాద.)

పెదనాయన కళ్లు తెరిచాక సంగతి బయటపడింది. మూడు రోజులుగా ఆయన పొద్దున సీసా మందూ, దాని వెంటనే పెన్ను మందూ, సాయంత్రం మళ్లీ రెండూ వేసుకుంటున్నాడు.

"పాతది ఆపాల గదా పెదనాయనా!" అని అరిచాను.

"ఆపమని యాడ చెప్పినావు రా?" అన్నాడాయన నీరసంగా. "డాక్టరు కొత్తది రాసిచ్చినాడు. నువ్వొచ్చి అరగంట చెప్పినావు. పాతదాని మాటే ఎత్తలేదు. అది ఎప్పుడూ ఉండేది, ఇది మా వోడిది, రెండూ ఉంటే ఇంకా బలం గదా అనుకున్నాను."

అరగంటలో పాతదాని మాటే ఎత్తలేదు! అవును. అంత బాగా నేర్చుకున్నాను మరి.

సరిగ్గా అప్పుడే, ఆసుపత్రికి తన పని మీద వచ్చిన ప్రసాదమన్న సంగతి విని వార్డులోకి వచ్చాడు. తప్పంతా నాదని ఎరిగి ఉన్నవాణ్ణి కాబట్టి నేనే ముందు విరుచుకుపడ్డాను. "అంతా నీ సీసా వల్లే అన్నా!"

"నా సీసానా? మూడేండ్లు నా సీసాతో ఆయప్ప బెల్లం వండుకుంటా హాయిగా ఉండాడు. నీ పెన్ను వచ్చి మూడు దినాలు కాలేదు, పండబెట్టినావు."

"డాక్టర్లకు లడ్డూలు పంచేవాడివి నువ్వా మాట్లాడేది?"

"నేను లడ్డూతో సరిపెట్టినానబ్బా. నువ్వు అత్తగారి సంచే మోసినావంట గదా!"

వార్డంతా నవ్వింది. పెద్దమ్మకు మాత్రం నవ్వు రాలేదు. "పోట్లాడాలంటే వరండాలోకి పోయి పోట్లాడండి. ఆయన పొద్దన్నుంచి ఏమీ తిన్లేదు. ఎవురన్నా ఒకరు పోయి ఇడ్లీ తీసకరండి" అంది. ఎవరు తగ్గుతారు? ఇద్దరం పోయాం. ఇద్దరం తెచ్చాం. పెదనాయన మొదట ఎవరి పొట్లం విప్పుతాడా అని నేను ఓరకంట చూశానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

మరునాడు పెదనాయనను వెంటబెట్టుకుని ఇద్దరం షుగర్ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన జరిగింది విన్నారు. చీటీ రాసే పెన్ను మూత తీశారు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "సరే, ఏది రాయమంటారు?" అన్నారు.

ఏది రాయమంటారని! ఆయన అడిగింది రోగిని కాదు, పరీక్ష కాగితాలను కాదు, ఇద్దరు అమ్మకందార్లను! ఆ ఒక్క మాట మీద నేను ఇప్పటికీ ఎన్ని వ్యాసాలైనా రాయగలను. పెదనాయన, పాపం, మావాడు మంచిదే చెబుతాడన్న ధీమాతో నా వైపు చూస్తున్నాడు. "ఇంతకుముందు రాసిందే రాయండి సార్" అని ప్రసాదమన్న మందు పేరు, ఒక్క అక్షరం మింగకుండా, గట్టిగా చెప్పాను. "దాంతోనే ఆయనకు మూడేళ్లు నిలకడగా ఉంది. పెన్ను ఆపేయమని కూడా చీటీలో రాయండి. ఆయనకు మీరే నోటితో చెప్పండి."

డాక్టరుగారు రాశారు, చెప్పారు. బయటికొచ్చాక ప్రసాదమన్న, "మీ మేనేజరుకు తెలిస్తే ఉరేసుకుంటాడబ్బా" అన్నాడు.

ఆ ఉద్యోగం ఇంకో ఏడాదిన్నర చేశాను. ఆ ఏడాదిన్నరా నెలకొకసారి చిత్తూరు మందుల షాపులో పోటీ కంపెనీ సీసాలు కొని, మా కంపెనీ నాకిచ్చిన ఐసు సంచిలో పెట్టుకుని, ఐరాలకు చేరవేశాను. ఒకసారి పూతలపట్టు కూడలిలో టీ తాగుతుంటే ప్రసాదమన్న వచ్చి సంచిలోకి తొంగిచూశాడు. "నా ఏరియాలో నాకంటే నువ్వే బాగా పనిచేస్తా ఉండావు. మావాళ్లకు చెప్పి నీకొక బహుమానం ఇప్పించేదా?" అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, మా పెన్నులో సూది ఎంత సన్నమో, నొప్పి ఎంత తక్కువో ఆ నడిరోడ్డులో అతనికి మొదటినుంచి చివరిదాకా వివరించాను. అతను కదలకుండా విన్నాడు. బండిమీద శత్రువు మందు కట్టుకుని, తన మందు గొప్పదని వాదించిన ఆ టై కట్టుకున్న కుర్రవాడు ఇప్పుడు ఎదురైతే బాగా చీవాట్లు పెడదామనే ఉంటుంది. పెట్టలేననుకుంటాను. సీసాలు వేడెక్కిపోతాయి, ముందు ఐరాలకు పొమ్మంటాను.